అడవి జలపాతానికి వెళ్తున్నారా?

నాలుగు వానలు పడి వాగులు పారడం మొదలు కాగానే పట్నవాసుల మనసు అడవుల మీదికి మళ్ళుతుంది. ఒకప్పుడు జలపాతం చూడాలంటే ఏ తలకోనకో, కుంటాలకో బస్సు కట్టించుకుని వెళ్ళడమే. ఇప్పుడు సెల్ ఫోనులో ఎవరో పంపిన ఒక్క ఫోటో చాలు. ఆదివారం తెల్లవారేసరికి నాలుగు మోటారు సైకిళ్ళు, రెండు కార్లు బయలుదేరతాయి. రోడ్డు లేని చోటికి, పేరు కూడా సరిగా తెలియని చోటికి, పిల్లాపాపలతో సహా ప్రయాణం!

వెళ్ళవద్దని చెప్పడానికి ఈ వ్యాసం రాయడం లేదు. చెట్ల గాలి, కొండ నడక, నీటి చప్పుడు మనసుకూ ఒంటికీ మేలే చేస్తాయి. అయితే జలపాతాలు రెండు రకాలని పాఠకులు గమనించాలి. మొదటి రకానికి మెట్లు, కటకటాలు, కాపలాదారులు, గేటు దాకా రోడ్డు ఉంటాయి. రెండో రకానికి ఇవేవీ ఉండవు. కాలిబాట ఉంటుంది, లేదా అదీ ఉండదు. మొదటి చోట నాలుగు కుట్లతో పోయే దెబ్బ రెండో చోట ప్రాణం మీదికి తెస్తుంది. జారిన రాయి అదే, పగిలిన మోకాలు అదే. మారింది దూరం ఒక్కటే. అడవిలో ప్రాణం తీసేది చాలాసార్లు దెబ్బ కాదు, దూరం. ఈ ఒక్క మాట గుర్తుంచుకుంటే మిగిలిన జాగ్రత్తలన్నీ వాటంతటవే అర్థమవుతాయి.

దూరమే అసలు జబ్బు

ఏజెన్సీ ప్రాంతపు ఆసుపత్రిలో పనిచేసిన రోజుల్లో ఇద్దరు యువకులను ఒకే రకం దెబ్బతో చూశాను. ఇద్దరికీ మోకాలి కింద ఎముక విరిగి చర్మం చీల్చుకుని బయటికి వచ్చింది. మొదటి యువకుడు రోడ్డు మీద మోటారు సైకిలు నుంచి పడ్డాడు. నలభై నిమిషాల్లో ఆసుపత్రికి చేరాడు. రెండో యువకుడు అడవి లోపల జలపాతం దగ్గర నాచు పట్టిన రాయి మీద జారాడు. అప్పుడు సమయం మధ్యాహ్నం పన్నెండు. సెల్ ఫోనుకు సిగ్నల్ లేదు. ఒక స్నేహితుడు గూడెందాకా పరుగెత్తి మనుషులను పిలుచుకువచ్చాడు. వాళ్ళు దుప్పటితో డోలీ కట్టి, వంతులవారీగా మోసి, రోడ్డుకు చేర్చేసరికి చీకటి పడింది. మా దగ్గరికి వచ్చేసరికి రాత్రి తొమ్మిది. అప్పటికి చాలా రక్తం పోయి నాడి సరిగా అందడం లేదు. ప్రాణం దక్కింది. కాని గాయం చీము పట్టి, పెద్దాసుపత్రిలో మూడు ఆపరేషన్లు చేయవలసి వచ్చింది. మొదటి యువకుడు కర్ర పక్కన పెట్టి నడుస్తున్న నాటికి ఇతను ఇంకా మంచం మీదే ఉన్నాడు.

అందుచేత బయలుదేరే ముందు ఒక లెక్క వేసుకోండి. రోడ్డు నుంచి జలపాతానికి ఎంతసేపు నడక? ఒక గంట అనుకుందాం. నడవలేని మనిషిని అదే దారిన మోసుకురావడానికి కనీసం మూడు గంటలు పడుతుంది. మోయడానికి ఆరుగురైనా కావాలి. అక్కడి నుంచి ఆసుపత్రికి ఎంత దూరం? ఏ ఆసుపత్రి? ప్రాథమిక ఆరోగ్య కేంద్రమా, ఏరియా ఆసుపత్రా? ఈ గంటలన్నీ కూడండి. మొత్తం ఆరేడు గంటలు దాటితే ఆ జలపాతాన్ని దూరం నుంచి చూసి వచ్చేయడం మంచిది. నీళ్ళలో దిగడం, బండరాళ్ళు ఎక్కడం లాంటివి అక్కడ పెట్టుకోకూడదు.

ఇద్దరే వెళ్ళడం మంచిది కాదు. ఒకరికి దెబ్బ తగిలితే రెండో మనిషి దగ్గర కూర్చోవాలా, సాయానికి పోవాలా? నలుగురికి తక్కువ కాకుండా వెళ్ళండి. సమీప గూడెంలో దారి తెలిసిన మనిషిని వెంట తీసుకువెళ్ళండి. ఆ మనిషికి ఇచ్చే కూలి మీ ప్రయాణంలో అన్నిటికన్నా సద్వినియోగమైన ఖర్చు. ఏ మడుగు లోతో, ఏ బండ కింద సుడి ఉందో, ఏ మబ్బు పట్టితే వాగు పొంగుతుందో అక్కడ పుట్టి పెరిగినవారికి తెలిసినట్లు మనకు తెలియదు. వాళ్ళు వద్దంటే వద్దు. అటవీశాఖవారు మూసిన దారిలో దొంగచాటుగా పోవడం అసలే వద్దు. మీరు అక్కడ ఉన్నారని ఎవరికీ తెలియకపోతే మిమ్మల్ని వెతికేవారెవరు?

ఇంట్లో ఒక కాగితం మీద ఏ ఊరి మీదుగా వెళ్తున్నారో, ఎంతమందో, ఎన్ని గంటలకు రోడ్డుకు చేరుకుంటారో రాసి పెట్టి వెళ్ళండి. ఆ వేళ దాటి రెండు గంటలైనా కబురు లేకపోతే 112కు ఫోను చేయమని చెప్పండి.

ఏ కాలంలో వెళ్ళాలి?

నీళ్ళు నిండుగా ఉన్నప్పుడే అందం అని చాలామంది జూలై, ఆగస్టు నెలల్లో వెళ్తారు. ప్రమాదం కూడా అప్పుడే నిండుగా ఉంటుంది. మన రాష్ట్రాలలో నైరుతి రుతుపవనాల వానలు జూన్ నుంచి సెప్టెంబరు దాకా పడతాయి. ఆదిలాబాద్, ములుగు, అల్లూరి సీతారామరాజు జిల్లాల అడవులకు వానలు వెనకబట్టిన తరువాత, అక్టోబరు చివరి నుంచి జనవరి దాకా వెళ్ళడం మేలు. తుపాను హెచ్చరిక ఉంటే మాత్రం అప్పుడూ మానుకోవాలి. నీళ్ళుంటాయి, పొంగు ఉండదు. తిరుపతి జిల్లాలోని తలకోన సంగతి వేరు. అటువైపు ఈశాన్య రుతుపవనాల వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడతాయి కాబట్టి అవి తగ్గాక వెళ్ళాలి.

ఉదయాన్నే బయలుదేరి, మధ్యాహ్నం రెండు గంటలకల్లా జలపాతం దగ్గరినుంచి తిరుగుముఖం పట్టాలి. అడవిలో పొద్దు త్వరగా వాలుతుంది. చీకట్లో దారి తప్పడం, కాలు మెలిక పడడం, పామును తొక్కడం మూడూ సులువే.

ఎవరు వెళ్ళకూడదు?

తిరుమల కొండకు నడిచి వెళ్ళేవారు ఓపిక ఉన్నప్పుడు ఎక్కుతారు, అలసిపోయాక దిగుతారు. జలపాతం దగ్గర ఇది తలకిందులవుతుంది. ముందు లోయలోకి దిగాలి. నీళ్ళలో ఆడి, భోజనం చేసి, అలసిపోయాక ఎక్కాలి. నడివయసువారికి గుండెనొప్పి వచ్చేది తిరుగుదారిలోనే. మామూలు రోజుల్లో రెండంతస్తులు మెట్లెక్కితే ఆయాసపడేవారు, ఛాతీలో పట్టినట్లు ఉండేవారు దిగవద్దు. పైనుంచి చూసి ఆనందించండి.

మూర్ఛవ్యాధి ఉన్నవారు, మందులతో ఎంత బాగున్నా, లోతు నీటిలో దిగకూడదు. బయట మూర్ఛ వస్తే రెండు నిమిషాల్లో తేరుకుంటారు. నీళ్ళలో ఆ రెండు నిమిషాలే చాలు.

మధుమేహానికి ఇన్సులిన్ గాని మాత్రలు గాని వాడేవారికి కొండ నడకలో చక్కెర తగ్గిపోవచ్చు. చెమటలు, వణుకు, కళ్ళు తిరగడం, అర్థం లేని కోపం దాని గుర్తులు. జేబులో చక్కెర పొట్లం, బిస్కట్లు ఉంచుకోండి. వేళకు తినండి. మధుమేహం ఉన్నవారు చెప్పులు లేకుండా ఒక్క అడుగు కూడా వేయవద్దు. స్పర్శ తగ్గిన పాదానికి రాయి కోసినా తెలియదు. ఉబ్బసం ఉన్నవారు పీల్చే మందును కారులో వదిలేయకుండా వెంట ఉంచుకోవాలి. గర్భిణులు, అయిదేళ్ళలోపు పిల్లలు రోడ్డు లేని జలపాతాలకు వెళ్ళకపోవడం మంచిది.

సంచిలో ఏమి ఉండాలి?

జారని అడుగున్న బూట్లు కాళ్ళకు ఉండాలి. హవాయి చెప్పులు పనికిరావు. సంచిలో ఇవి ఉంచుకోండి:

1. మనిషికి రెండు లీటర్లకు తగ్గకుండా మంచినీళ్ళు, ఓ.ఆర్.ఎస్. పొట్లాలు.
2. ఉతికిన రెండు పాత బట్టలు లేదా పంచెలు. కట్టుకీ, బద్ద కట్టడానికీ, నీళ్ళలో పడినవారికి అందించడానికీ ఉపయోగపడతాయి.
3. చుట్టుకట్టు గుడ్డ, దూది, సబ్బు, కత్తెర.
4. ఇరవై గజాల గట్టి తాడు.
5. టార్చిలైటు, ఈల, అగ్గిపెట్టె. ఇవి ప్లాస్టిక్ సంచిలో ఉండాలి.
6. మనిషికొక పొడి చొక్కా, పరచుకోవడానికీ కప్పుకోవడానికీ ఒక పెద్ద ప్లాస్టిక్ పట్టా.
7. రోజూ వేసుకునే మందులు, ఒక పూట అదనంగా.
8. ఛార్జి నిండుగా ఉన్న ఒక ఫోను. దీనిని ఫోటోలకు వాడకుండా కట్టేసి ఉంచాలి.

ధనుర్వాతం టీకా పదేళ్ళలోపు వేయించుకున్నదీ లేనిదీ గుర్తు చేసుకుని, లేకపోతే వెళ్ళే ముందే వేయించుకోండి.

కొండమీది నీరు స్వచ్ఛమైనదని చాలామంది దోసిలి పట్టి తాగుతారు. పైన ఏ పశువు దిగిందో, ఏ ఊరి మురుగు కలిసిందో మనకు కనిపించదు. నీరు తేటగా ఉన్నంత మాత్రాన శుభ్రమైనదని కాదు. మరిగించకుండా తాగవద్దు.

నీటి దగ్గర

బావిలో ఈత నేర్చినవారికి ఒక ధైర్యం ఉంటుంది. జలపాతం దగ్గర ఆ ధైర్యమే శత్రువు. బావి నీరు నిలిచి ఉంటుంది, మనిషిని తేలుస్తుంది. జలపాతం పడేచోట నీరు తెల్లగా నురగలు కక్కుతూ ఉంటుంది. అందులో సగం గాలి బుడగలే. గాలి కలిసిన నీరు మనిషిని తేల్చలేదు. చేతులాడించినా పట్టు దొరకదు. పైనుంచి పడే ధార కిందికి నొక్కుతుంది. కింద తిరిగే సుడి మళ్ళీ ధార కిందికే లాగుతుంది. గజ ఈతగాళ్ళు కూడా అక్కడ మునిగిపోవడానికి కారణం ఇదే. ధార పడే గుండంలోకి ఎవ్వరూ వెళ్ళకూడదు.

పారే నీటి బలాన్ని లోతును బట్టి అంచనా వేయవద్దు, వేగాన్ని బట్టి వేయండి. వేగం రెట్టింపైతే తోసే బలం నాలుగు రెట్లవుతుంది. ఒక ఘనపు మీటరు నీరు వెయ్యి కిలోల బరువు. అందుకే మోకాలి లోతు వాగు కూడా పెద్దమనిషిని పడదోయగలదు. పడినవారి కాలు రెండు రాళ్ళ మధ్య ఇరుక్కుంటే మోకాలి లోతులోనే మునిగిపోతారు.

ఎత్తునుంచి దూకడం మరో ప్రమాదం. నిరుడు లోతుగా ఉన్న మడుగులోకి ఈ ఏడు వరద బండను దొర్లించి ఉండవచ్చు. తల ముందుగా దూకినవారికి మెడ ఎముక విరిగి, ఇరవై ఏళ్ళ వయసులో కాళ్ళూ చేతులూ పడిపోతే జీవితమంతా మంచం మీదే. అలా దెబ్బ తగిలినవారిని కూర్చోబెట్టకండి. తలనూ మెడనూ ఒకే వరసలో పట్టుకుని, నలుగురు కలిసి కదపాలి.

జలపాతం పైఅంచుకు వెళ్ళవద్దు. ఫోటోకోసం వెనక్కి అడుగు వేయవద్దు. రాయి నల్లగా, పచ్చగా మెరుస్తుంటే అది నాచు. చివరగా ఒక మాట. సారా, బీరు తాగినవారిని నీటి దగ్గరికి రానివ్వవద్దు. తాగినవారికి ప్రమాదం కనిపించదు, కాలు నిలవదు, మునిగేటప్పుడు ఊపిరి బిగపట్టే శక్తీ తగ్గుతుంది.

వాగు పొంగితే

మీరు ఉన్నచోట ఎండ కాస్తూ ఉండవచ్చు. ఎగువన కొండల్లో కురిసిన వాన అరగంటలో మీ దగ్గరికి వస్తుంది. 2024 సెప్టెంబరులో అల్లూరి సీతారామరాజు జిల్లా మారేడుమిల్లి ప్రాంతంలోని జలతరంగిణి జలపాతానికి విహారానికి వెళ్ళిన వైద్య విద్యార్థులు ఒక్కసారిగా పెరిగిన ప్రవాహంలో చిక్కుకున్నారు. వారిలో ముగ్గురు మరణించారు. పదిమంది ప్రాణాలు కాపాడవలసిన పిల్లలు! చదువు, వయసు, ఆరోగ్యం ఏవీ నీటి ముందు పనికిరాలేదు.

పొంగు వచ్చే ముందు నీరు కొన్ని గుర్తులు చూపిస్తుంది. తేటనీరు ఎర్రబడుతుంది. ఆకులు, పుల్లలు కొట్టుకువస్తాయి. చప్పుడు బరువెక్కుతుంది. కూర్చున్న రాయి అంచుకు నీరు తగులుతుంది. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా సామాన్లు వదిలేసి పైకి ఎక్కండి. బూట్లు పోతే కొనుక్కోవచ్చు. వాగు మధ్య బండ మీద ఎప్పుడూ భోజనానికి కూర్చోవద్దు.

ఇక్కడే అందరూ పొరపడే సంగతి ఒకటి ఉంది. వాగు దాటి అవతలికి వెళ్ళారు, వాన పట్టింది, వాగు పొంగింది. ఇంటికి పోవాలన్న ఆత్రంతో దాటబోతారు. అది చేయకండి. 2023 జూలై చివరి వారంలో ములుగు జిల్లా వీరభద్రవరం దగ్గరి ముత్యంధార జలపాతానికి వెళ్ళిన సుమారు 80 మంది తిరిగి వస్తుండగా వాగు పొంగి అడవిలో చిక్కుకుపోయారు. ఆ రోజుల్లోనే అదే జిల్లాలోని లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 64 సెంటీమీటర్లకు పైగా వాన పడింది. అంతటి వాన అది! వాళ్ళు వాగుకు అవతలే ఆగిపోయారు. విపత్తు సహాయ దళంవారు రాత్రి అడవిలోకి వెళ్ళి తెల్లవారేలోగా వాళ్ళను బయటికి తెచ్చారు. ఆకలితో, చలితో ఒక రాత్రి గడిచింది, అంతే. ఆ రాత్రి ఎనభైమందీ దాటడానికి ప్రయత్నించి ఉంటే ఎన్ని ఇళ్ళలో ఏడుపులు వినిపించేవో ఆలోచించండి.

కనుక ఎత్తైన చోటు చూసుకుని ఉన్నవైపే ఉండిపోండి. తడి బట్టలు విప్పి పొడివి వేసుకోండి. మన దేశంలో కూడా తడిసి, గాలి కొడుతూ ఉంటే శరీరపు వేడి ప్రమాదకరంగా పడిపోతుంది. పిల్లలకు, ముసలివారికి మరీ త్వరగా. వణుకు మాని మత్తుగా, తికమకగా మాట్లాడుతున్నారంటే పరిస్థితి విషమిస్తున్నదన్నమాట. అందరూ దగ్గరగా కూర్చుని పట్టా కప్పుకోండి. ఉరుములు ఉంటే ఒంటరి చెట్టు కింద చేరవద్దు. ఫోనులో ఒక్కసారి కబురు చెప్పి, ఛార్జి కాపాడుకోండి.

ఎవరైనా మునిగితే

ఒకరు మునుగుతుంటే ఇంకొకరు దూకడం, ఇద్దరూ పోవడం మనం తరచుగా పత్రికల్లో చదువుతున్నాము. మునిగేవారు అందినదాన్ని గట్టిగా పట్టుకుని కిందికి లాగుతారు. అది వారి తప్పు కాదు, ప్రాణభయం. అందుచేత గట్టునుంచే తాడు విసరండి, కర్ర అందించండి, పంచె విసరండి. మూత బిగించిన ఖాళీ నీళ్ళ డబ్బా కూడా మనిషిని తేలుస్తుంది.

బయటికి తీసినవారిని తలకిందులుగా వేలాడదీయడం, భుజాన వేసుకుని తిప్పడం, పొట్ట నొక్కి నీరు కక్కించడం మన పల్లెల్లో ఇంకా చేస్తున్నారు. వీటివల్ల మేలు లేదు. పొట్టలోని నీరు ఊపిరితిత్తుల్లోకి పోయి కీడు జరుగుతుంది. విలువైన నిమిషాలు కూడా పోతాయి.

పిలిచినా పలకకుండా, ఊపిరి లేకుండా ఉంటే వెల్లకిలా పడుకోబెట్టండి. తల కొద్దిగా వెనక్కి వంచి గడ్డం పైకెత్తండి. ముక్కు మూసి, నోట్లో నోరు పెట్టి ఛాతీ పైకి లేచేటట్లు రెండుసార్లు ఊదండి. నీటిలో మునిగినవారికి ముందుగా కావలసింది గాలి. తరువాత ఛాతీ మధ్య ఎముక మీద రెండు అరచేతులూ ఒకదానిమీద ఒకటి ఉంచి, రెండు అంగుళాలు దిగేటట్లు, నిమిషానికి 100 నుంచి 120 సార్ల వేగంతో 30 సార్లు నొక్కండి. మళ్ళీ రెండుసార్లు ఊదండి. ఊపిరి వచ్చేవరకూ, లేదా సాయం వచ్చేవరకూ ఆపవద్దు. ఒకరు అలసిపోతే ఇంకొకరు అందుకోవాలి.

తేరుకుని కూర్చుని మాట్లాడినా ఆసుపత్రికి తీసుకువెళ్ళి తీరాలి. ఊపిరితిత్తుల్లో చేరిన నీరు కొన్ని గంటల తరువాత ఆయాసం తెప్పించవచ్చు.

దెబ్బ, పాము, తేనెటీగ

రక్తం కారే గాయాన్ని శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టుకోండి. పది నిమిషాలు గడియారం చూసుకుని, మధ్యలో తీసి చూడకుండా అదమాలి. కాఫీపొడి, పసుపు, ఆకు పసరు పెట్టవద్దు. విరిగిన కాలుకు కర్ర బద్దలు ఆనించి పంచెతో కట్టి, ఆ తరువాతే మోయండి. తలకు దెబ్బ తగిలి వాంతులు, మత్తు వస్తే ఆలస్యం చేయకుండా తరలించాలి.

పాము కరిస్తే పరుగెత్తవద్దు. కట్టు బిగించడం, కోయడం, నోటితో పీల్చడం వల్ల ఉపయోగం లేదు, హాని ఉంది. ఉంగరాలు, గాజులు, కాలి పట్టీలు తీసేయండి. విరిగిన కాలుకు కట్టినట్లే బద్ద కట్టి, ఆ అవయవాన్ని కదలనివ్వకుండా మనిషిని మోసుకుని ఆసుపత్రికి తీసుకువెళ్ళండి. పామును చంపి తేవలసిన పని లేదు. మనదగ్గర ఎక్కువ మరణాలకు కారణమయ్యే నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్న పింజరి నాలుగింటికీ కలిపి పనిచేసే విరుగుడు మందు ఒక్కటే. కట్లపాము కాటుకు నొప్పీ వాపూ ఉండకపోవచ్చు. తరువాత కనురెప్పలు వాలిపోవడం, మాట ముద్దగా రావడం మొదలవుతుంది. అందుకని నొప్పి లేదని ఊరుకోకండి. నాటుమందు కోసం ఆగిన ప్రతి గంటా దూరానికి కలిసే మరో గంట.

జలపాతాల పక్క కొండచరియలకు పెద్ద తేనెపట్టులు వేలాడుతుంటాయి. వాటి కింద పొగ పెట్టడం, వంట చేయడం, రాళ్ళు విసరడం ప్రాణాంతకం. ఈగలు లేస్తే ముఖం కప్పుకుని దూరంగా, చెట్ల గుబురులోకి పరుగెత్తండి. నీళ్ళలో మునిగితే లాభం లేదు, అవి పైనే కాచుకుని ఉంటాయి. ముళ్ళను గోటితో వెంటనే గీకి తీసేయండి. కుట్టిన తరువాత ఒళ్ళంతా దద్దుర్లు, పెదవుల వాపు, ఆయాసం వస్తే ఒక్క ఈగ కుట్టినా అది అత్యవసర పరిస్థితే. రోడ్డుకు చేరే లోపే 108కి కబురు అందేటట్లు ఒక మనిషిని ముందు పంపండి. కోతి కరిచినా, గీరినా పదిహేను నిమిషాలు సబ్బుతో కడిగి, పిచ్చికుక్క కాటుకు వేసే టీకానే వేయించుకోవాలి.

ఇంటికి వచ్చాక జ్వరం

క్షేమంగా తిరిగివచ్చి ఫోటోలు అందరికీ చూపించాక కూడా ఒక ముప్పు మిగిలి ఉంటుంది. అడవికి వెళ్ళివచ్చిన వారం నుంచి నెలలోపు జ్వరం వస్తే దాన్ని మామూలు జ్వరంగా తీసుకోకండి. అడవిలో గడిపిన ఒక్క రాత్రి చాలు, మలేరియా రావడానికి. అందులో మెదడుకు పాకే రకం చికిత్స ఆలస్యమైతే ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం మీదికి తెస్తుంది. గడ్డిలో, పొదల్లో ఉండే కంటికి ఆనని చిన్న పురుగులు కుడితే స్క్రబ్ టైఫస్ అనే జ్వరం వస్తుంది. చంకలో, గజ్జలో, నడుము దగ్గర సిగరెట్టుతో కాల్చినట్లు నొప్పి లేని నల్లటి మచ్చ ఉంటే అదే గుర్తు. ఎలుకల మూత్రం కలిసిన నీటిలో పుండున్న కాలు పెడితే లెప్టోస్పైరోసిస్ వస్తుంది. జ్వరం, పిక్కల్లో తీవ్రమైన నొప్పి, కళ్ళు ఎర్రబడడం దాని లక్షణాలు.

మూడింటికీ మంచి మందులు ప్రభుత్వ ఆసుపత్రుల్లోనే ఉన్నాయి. అయితే పట్నంలో వైద్యుడు మీ ముఖం చూసి అడవి సంగతి ఊహించలేడు. మీరే చెప్పాలి: "ఫలానా తేదీన అడవిలోకి వెళ్ళాను." ఈ ఒక్క వాక్యం కొన్నిసార్లు పది పరీక్షల కన్న విలువైనది. ఇంటికి రాగానే బట్టలు వేడినీళ్ళలో నానబెట్టి, సబ్బుతో ఒళ్ళు రుద్దుకుని స్నానం చేయండి. పిల్లల చంకలు, చెవుల వెనక, నడుము చూడండి.

తరచుగా అడిగే సందేహాలు

ప్రశ్న: నీళ్ళలో తడిసి వచ్చాక కొంచెం బ్రాందీ తీసుకుంటే చలి పోతుందంటారు. నిజమేనా?
జవాబు: కాదు. సారా చర్మంలోని రక్తనాళాలను వెడల్పు చేస్తుంది. అందువల్ల వెచ్చగా అనిపిస్తుంది కాని లోపలి వేడి బయటికి పోతుంది. వేడి టీ, పొడి బట్టలు చాలు.

ప్రశ్న: జలగ పట్టుకుంటే కాల్చాలా?
జవాబు: అవసరం లేదు. గోటిని చర్మానికి ఆనించి పక్కకు తోస్తే ఊడి వస్తుంది. సబ్బుతో కడిగి, కొంతసేపు అదిమి పట్టుకోండి. రక్తం కాస్త ఎక్కువసేపు కారినా భయం లేదు.

ప్రశ్న: మా అబ్బాయికి ఈత బాగా వచ్చు. స్నేహితులతో పంపించవచ్చా?
జవాబు: ఈత వచ్చా అని కాకుండా, స్నేహితులు "దూకరా" అన్నప్పుడు "దూకను" అనగలడా అని ఆలోచించండి. అనగలడని మీకు నమ్మకం ఉంటే పంపండి. లేకపోతే మీరు కూడా వెంట వెళ్ళండి.

జలపాతం ఎక్కడికీ పోదు. ఈ ఏడు వాగు పొంగితే వచ్చే ఏడు చూడవచ్చు. కొండ కింద గూడెంవారు వద్దన్నారని వెనుదిరిగి వచ్చిన మనిషిని పిరికివాడని స్నేహితులు నవ్వవచ్చు. నవ్వనివ్వండి. ఆ సాయంకాలం ఆ మనిషి ఇంట్లో భోజనానికి కూర్చుంటాడు.